గల్లాపెట్టె లేని భోజనశాల: డొక్కా సీతమ్మ గారి కథ

రామచంద్రపురంలో యాభై దాటినవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటే, మాట ఎక్కడ మొదలైనా మూతపడిన హోటళ్ల దగ్గరికి రాక మానదు. పొద్దున్నే రేకుల కప్పు కింద కాలే పెసరట్టు, దాని మీద అల్లం, పచ్చిమిర్చి ముక్కలు, పక్కన ఉప్మా. మధ్యాహ్నం అరిటాకు భోజనం. సాయంత్రం సాయిబుల హోటల్లో పరోటా, చిన్న గిన్నెలో షేర్వా, ఆ తర్వాత చిక్కటి టీ. ఇప్పుడు ఆ స్థలాల్లో సెల్‌ఫోన్ షాపులు, బట్టల కొట్లు వచ్చాయి. పిల్లలకు ఆ హోటళ్ల పేర్లు కూడా తెలియవు.

ఈ కబుర్లు రుచితో మొదలవుతాయి కానీ రుచి దగ్గర ఆగవు. కాసేపటికి ఆ హోటల్ యజమాని గుర్తొస్తాడు. ఆకలితో వచ్చిన కుర్రాడి జేబు చూడకుండా ప్లేటు ముందు పెట్టినవాడు, అప్పు రాసుకుని అడగడం మరిచిపోయినవాడు, వర్షంలో తడిసి వచ్చినవాడికి ముందు టీ ఇచ్చి తర్వాత ఊరు అడిగినవాడు. హోటల్ పోయిందని బాధపడేవాళ్లు నిజానికి బాధపడేది ఆ మనిషి పోయినందుకే.

గోదావరి జిల్లాల జ్ఞాపకాల్లో ఇలాంటి భోజనశాల ఇంకొకటి ఉంది. దానికి బోర్డు లేదు, ధరల పట్టిక లేదు, గల్లాపెట్టె లేదు. అది కోనసీమలో ఒక రైతు ఇల్లు. అక్కడ వడ్డించిన తల్లి 1909లో కన్నుమూసింది. ఆ చేతి అన్నం తిన్నవాళ్లు ఒక్కరు కూడా ఇప్పుడు బతికి లేరు. అయినా ఆ ఇంటి మాట మాత్రం ఆగలేదు. ఆమె డొక్కా సీతమ్మ. పుట్టింది పాత రామచంద్రపురం తాలూకాలోని మండపేటలో.

హోటల్ అనే మాట లేని కాలం

సీతమ్మ గారి కథ అర్థం కావాలంటే ముందు ఆ రోజుల ప్రయాణం ఎలా ఉండేదో తెలియాలి. నూట యాభై ఏళ్ల కిందట పల్లెల్లో హోటళ్లు లేవు. ఊరి నుంచి ఊరికి పోవాలంటే కాలినడక, ఎడ్లబండి, లేదా పడవ. పొద్దున బయలుదేరిన మనిషి మధ్యాహ్నానికి ఏ రేవు దగ్గర ఉంటాడో అతనికే తెలియదు. మూటలో కట్టుకున్న చద్దన్నం అయిపోతే మళ్లీ ఇల్లు చేరేదాకా పస్తే.

డబ్బున్నవాళ్లకు పెద్ద ఊళ్లలో పూటకూళ్ల ఇళ్లు ఉండేవి. పూటకు ఇంత అని తీసుకుని అన్నం పెట్టే ఇల్లు అది. ఎక్కువగా దిక్కులేని వితంతువులు బతుకుతెరువు కోసం నడిపేవారు. యాత్రికుల దారుల్లో జమీందార్లు కట్టించిన సత్రాలు ఉండేవి. అయితే పూటకూళ్ల ఇంట్లో అయినా, సత్రంలో అయినా కాలు పెట్టేముందు కులం చెప్పాల్సిందే. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు వాకిట్లోనే నిలబడాలో ఆ జవాబును బట్టి ఉండేది.

ముస్లిం ప్రయాణికుడి పరిస్థితి మరీ ఇబ్బంది. దూది ఏకడానికి ఊరూరూ తిరిగే దూదేకులవారు, అత్తరు అమ్మేవారు, బండ్లు తోలేవారు, సంతలకు పోయే చిన్న వ్యాపారులు, వీళ్లందరికీ తమవాళ్ల ఇల్లు ఉన్న ఊరు వచ్చేదాకా మూటలో రొట్టెలే గతి. మసీదు ఉన్న ఊరైతే తలదాచుకోవడానికి చోటు, దర్గా ఉన్న ఊరైతే లంగర్‌లో ఒక పూట తిండి. రామచంద్రపురం పక్కనే ఉన్న ద్రాక్షారామంలో భీమేశ్వరాలయంతో పాటు దర్గా కూడా ఉంది. అలాంటి చోట్లు అన్ని దారుల్లోనూ ఉండవు కదా. లంకల్లో, ఏటి గట్ల మీద, రేవుల దగ్గర ఆకలేస్తే ఎవరింటి తలుపు కొట్టాలి? ఏ పేరు చెప్పుకోవాలి? ఆ ప్రశ్నకు కోనసీమలో ఒక జవాబు దొరికింది.

బువ్వన్న కూతురు

సీతమ్మ గారు 1841 అక్టోబరులో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. అప్పటికి గోదావరి జిల్లా అన్న పేరు కూడా లేదు. రాజమండ్రి జిల్లా అనేవారు.

ఆమె పుట్టిన కాలం మామూలు కాలం కాదు. 1832, 33 సంవత్సరాల్లో వచ్చిన కరువు కోస్తా జిల్లాలను ఊడ్చేసింది. మనుషుల డొక్కలు ఎండిపోయిన ఆ కరువును జనం డొక్కల కరువనే పిలిచారు. 1839 నవంబరులో కోరంగిని తుఫాను, సముద్రపు ఉప్పెన కలిసి ముంచేశాయి. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కళ్ల ముందు గోదావరి పారుతున్నా పొలానికి నీళ్లు ఎక్కేవి కావు. వరదొస్తే పంట మునగడం, వరద తీసేస్తే పంట ఎండడం.

అలాంటి రోజుల్లో మండపేటలో భవానీశంకరం గారి ఇంటికి ఎవరొచ్చినా అన్నం దొరికేదట. ఊళ్లో జనం ఆయన్ని అసలు పేరుతో పిలవడం మానేసి బువ్వన్న అనేవారని చెబుతారు. బువ్వ అంటే అన్నం. చిన్నపిల్లలు అనే మాట. తిండి దొరకని కాలంలో ఒక మనిషికి ఊరు పెట్టుకున్న పేరు అది. బిరుదులు ఇచ్చే రాజులు ఎందరో ఉన్నారు కానీ, ఇంతకంటే గొప్ప బిరుదు ఏ రాజు ఇవ్వగలడు?

సీతమ్మ చిన్నతనంలోనే తల్లి చనిపోయారు. ఆడుకునే వయసులో ఇంటి బాధ్యత ఆ పిల్ల మీద పడింది. తండ్రి ఎవరినో ఒకరిని భోజనానికి తీసుకురావడం మానలేదు. పొయ్యి ముందు కూర్చోవాల్సింది మాత్రం ఆమే. ఇంటికి మనిషొస్తే ఉన్నదాంట్లో ఎలా సర్దాలో, వేళ కాని వేళలో వచ్చినవాళ్లకు మొహం చిట్లించకుండా ఎలా వడ్డించాలో ఆమె నేర్చుకున్న బడి ఆ వంటిల్లే. అప్పట్లో ఆడపిల్లలకు వేరే బడి లేదు.

మధ్యాహ్నం వచ్చిన అతిథి

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారు వేదం చదువుకున్న మనిషి. మంచి ఆస్తి ఉన్న రైతు కూడా. ఒకసారి పండితుల సభకు వెళ్లి తిరిగొస్తూ మండపేట చేరేసరికి మిట్టమధ్యాహ్నం అయిందట. దగ్గర్లో భోజనం దొరికే చోటు లేదు. ఊళ్లో అడిగితే అందరూ చూపించింది బువ్వన్న గారి ఇల్లే.

ఆ రోజు ఆ ఇంట్లో అన్నం వడ్డించిన అమ్మాయి సీతమ్మ. అనుకోకుండా వచ్చిన మనిషికి ఆమె పెట్టిన భోజనం, ఆ మర్యాద జోగన్న గారికి బాగా నచ్చాయి. ఆ పరిచయమే సంబంధమైంది. పెళ్లి జరిగి సీతమ్మ గారు గోదావరి దాటి కోనసీమలో అత్తవారింట అడుగుపెట్టారు.

ఆమె ముందే అన్నం పెట్టే ఇంట్లో పెరిగిన పిల్ల. వచ్చింది అన్నం విలువ తెలిసిన మనిషి ఇంటికి. ఆ తర్వాత కథలో సీతమ్మ గారి పేరే వినిపిస్తుంది కానీ, జోగన్న గారి పొలం, జోగన్న గారి ఒప్పుదల లేకపోతే ఆ పొయ్యి అన్నేళ్లు మండేది కాదు. ఏ ఇంట్లోనైనా మెహమాన్లను ఆదరించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదని పెద్ద కుటుంబాలు నడిపినవాళ్లకు తెలుసు.

నది మధ్యలో ఇల్లు

కోనసీమ అంటే నీళ్ల మధ్య నేల. ఒకవైపు గౌతమి, ఇంకోవైపు వశిష్ఠ, మధ్యలో వైనతేయ. ఎటు పోవాలన్నా ఏదో ఒక పాయ దాటాల్సిందే. ఇప్పుడు వంతెనలున్నాయి. అప్పుడు పడవలే. వరద ఎక్కువైతే పడవ కదలదు. చీకటి పడితే సరంగు పడవ కట్టేసి ఇంటికి పోతాడు. అంతే, ప్రయాణికులు గట్టు మీద ఉండిపోతారు.

లంకల గన్నవరం వైనతేయ ఒడ్డున అలాంటి దారిలో ఉంది. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పోయేవాళ్లు, సంతకు పోయేవాళ్లు, పెళ్లిళ్లకు తరలిపోయేవాళ్లు, పని వెతుక్కుంటూ పోయే కూలీలు అందరూ ఆ చుట్టుపక్కల మీదుగానే పోవాలి.

అదే సమయంలో ఆ ప్రాంతం ముఖం మారిపోయింది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కోనసీమలో వైనతేయ పాయ మీదుగా కాలువ నీళ్లను అవతలి ఒడ్డుకు దాటించడానికి గన్నవరం దగ్గర 49 ఖానాలతో అక్విడక్టు కట్టారు. కింద ఏరు పారుతుంటే పైన కాలువ పారే వింత అది. ఎండిపోయిన చేలల్లో వరి నిలబడింది. కాలువల్లో పడవలు తిరగడం మొదలైంది. 1876లో మొదలైన ధాత కరువు మద్రాసు రాజధానిలో లక్షల మందిని చంపినప్పుడు గోదావరి డెల్టా మాత్రం నిలబడింది. తాను తినడమే కాదు, కరువు జిల్లాలకు బియ్యం కూడా పంపింది.

జోగన్న గారి పొలంలో తవ్వుతుంటే బంగారు నాణేల బిందె దొరికిందని, అందువల్లే అంత మందికి అన్నం పెట్టగలిగారని ఒక కథ ఉంది. జనం అలాంటి కథలు చెప్పుకోవడంలో వింత లేదు. రోజూ అంత మందికి పెడుతుంటే డబ్బెక్కడిదని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఆ కాలంలో అందరి కళ్ల ముందు కనబడ్డ నిధి కాలువ నీళ్లే. ఆ నీళ్లు చాలామంది రైతుల పొలాల్లోకి వచ్చాయి. చాలామంది గాదెలు నిండాయి. గాదె నిండిన ప్రతి ఇంటా పొయ్యి వెలగలేదు. ఆ ఒక్క ఇంట వెలిగింది. తేడా పొలంలో లేదు, మనసులో ఉంది.

వేళాపాళా లేని వంటిల్లు

ఏ హోటల్ అయినా ఒక వేళకు తెరిచి ఒక వేళకు మూస్తుంది. సీతమ్మ గారి ఇంటికి ఆ లెక్క లేదు. పొద్దున వచ్చినా, మధ్యాహ్నం వచ్చినా, అర్ధరాత్రి పడవ దిగి వచ్చినా అన్నం వండి పెట్టేవారని ఆమె గురించి చెప్పే ప్రతి ఒక్కరూ చెబుతారు. ఏ కులమని, ఏ మతమని, ఏ ఊరని చూడలేదు. ఆకలితో వచ్చారా అన్నదే చూశారు.

చెప్పడానికి తేలిగ్గా ఉంటుంది కానీ, ఆ పని ఎంత కష్టమో వంట చేసే ప్రతి ఆడమనిషికీ తెలుసు. మిల్లులు లేవు, వడ్లు దంచాలి. కుళాయి లేదు, నీళ్లు తోడాలి లేదా మోయాలి. గ్యాసు లేదు, కట్టెలు, కొబ్బరి మట్టలు సర్దుకోవాలి. వానాకాలంలో తడిసిన కట్టె పొగకు కళ్లు మండుతాయి. విస్తళ్లు కుట్టాలి, ఆకులు కోయాలి. పప్పు నానాలి, మజ్జిగ చిలకాలి. యాభై మందికని వండితే అరవై మంది రావచ్చు. ఆఖరి పంక్తి లేచాక చట్టి కడిగి బోర్లిస్తే అప్పుడే ఇంకో పడవ రావచ్చు. అప్పుడు మళ్లీ పొయ్యి రాజేయాలి.

ఒక రోజు దావత్ చేస్తేనే వారం రోజులు అలసట తీరదు. రంజాన్ నెలలో ముప్పై రోజులు ఇఫ్తార్ ఏర్పాట్లు చూసే ఇంటి ఆడవాళ్లను అడిగితే ఆ శ్రమ ఎలాంటిదో చెబుతారు. సీతమ్మ గారు అలా ఏళ్ల తరబడి చేశారు. పండగ రోజనీ లేదు, మామూలు రోజనీ లేదు.

అర్ధరాత్రి వరదలో చేసిన సాయం ఒకటి ఆ ప్రాంతంలో బాగా చెప్పుకుంటారు. గోదావరి పొంగుతున్న రాత్రి లంకలో చిక్కుకున్న మనిషి ఆకలితో పెట్టిన కేక ఒడ్డుకు వినిపించిందట. సీతమ్మ గారు అప్పటికప్పుడు అన్నం సిద్ధం చేస్తే, జోగన్న గారు ఆ వరదలోనే దాటి వెళ్లి ఇచ్చి వచ్చారట. వరద గోదావరిని రాత్రిపూట చూసినవాళ్లకు ఆ పని ఎంత తెగువో వేరే చెప్పనక్కర్లేదు.

సగం దారిలో ఆగిన యాత్ర

సీతమ్మ గారి జీవితంలో అందరికీ తెలిసిన సంఘటన అంతర్వేది ప్రయాణం. ఆమె భక్తురాలు. అంతర్వేది నరసింహస్వామిని చూడాలన్నది ఆమెకు ఎంతోకాలంగా ఉన్న కోరిక. ఆ గుడి కోనసీమలోనే, సముద్రం ఒడ్డున ఉంది. దగ్గరే. అయినా ఇల్లు వదిలితే వచ్చినవాళ్లకు అన్నం ఎవరు పెడతారన్న దిగులుతో ఏళ్లు గడిచిపోయాయి.

చివరికి ఒకసారి బయలుదేరారు. దారిలో ఒకచోట ఆగినప్పుడు పెళ్లివారి బృందం కనబడింది. వాళ్ల పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దవాళ్లు వాళ్లను ఓదారుస్తూ, కాస్త ఓర్చుకుంటే గన్నవరం వస్తుందని, సీతమ్మ గారి ఇంట్లో కడుపునిండా తినొచ్చని చెబుతున్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు సీతమ్మ గారు పక్కనే ఉన్నారని వాళ్లకు తెలియదు.

ఆమె యాత్ర అక్కడితో ఆపేశారు. వెనక్కి తిప్పించి, పెళ్లివారికంటే ముందే ఇల్లు చేరి, వంట మొదలుపెట్టారు. వాళ్లు వచ్చేసరికి విస్తళ్లు వేసి ఉన్నాయట.

ఈ కథ హిందూ ఇళ్లలో భక్తి కథలా చెప్పుకుంటారు. ముస్లిం ఇళ్లలో పెరిగినవాళ్లకు కూడా ఇది కొత్తగా అనిపించదు. హజ్ కోసం దాచుకున్న డబ్బును పస్తున్న పొరుగింటికి ఇచ్చేసిన మనిషి కథ నానమ్మల నోట వినని పిల్లలు తక్కువ. దారి వేరైనా ఆ ఇద్దరూ చేసిన లెక్క ఒక్కటే.

చక్రవర్తి పిలిచినా

ఆమె పేరు కోనసీమ దాటి, జిల్లా దాటి, దొరల చెవిన కూడా పడింది. పిఠాపురం మహారాజా మారువేషంలో వచ్చి ఆమె ఇంట భోంచేసి వెళ్లారని ఒక కథ ప్రచారంలో ఉంది.

అంతకంటే పెద్ద కథ ఎడ్వర్డ్ చక్రవర్తిది. విక్టోరియా రాణి తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజయ్యారు. ఆయన పట్టాభిషేకం సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. రాజు స్వయంగా రాలేదు, వైస్రాయ్ కర్జన్ దాన్ని నడిపారు. దేశం నలుమూలల నుంచి రాజులు, నవాబులు ఏనుగులెక్కి వెళ్లారు. మన నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కూడా వెళ్లారు. చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవాలకు రమ్మని అలాంటి పిలుపే గన్నవరంలో అన్నం వండే సీతమ్మ గారికి కూడా వచ్చిందని చెబుతారు.

ఆమె వెళ్లలేదు. తాను పేరు కోసం ఈ పని చేయడం లేదని, తాను వెళ్తే ఇక్కడికి వచ్చినవాళ్లు ఆకలితో తిరిగిపోతారని ఆమె కారణం. రాలేకపోతే కనీసం ఫోటో అయినా పంపాలని అధికారులు అడిగితే దానికీ మొదట ఒప్పుకోలేదట. ఫోటో పంపకపోతే అధికారి ఉద్యోగానికే ఇబ్బంది అని తెలిశాక, తన వల్ల ఒకరి అన్నం పోకూడదని కూర్చున్నారట. ఆ ఫోటోను కుర్చీలో ఉంచి చక్రవర్తి నమస్కరించారని ఈ కథ ముగుస్తుంది.

ఇందులో ఎంత చరిత్ర, ఎంత జనం ప్రేమ అన్నది వేరు వేరుగా తూచడం కష్టం. కానీ ఒక సంగతి ఉంది. జనం తమ కథలో చక్రవర్తి చేత నమస్కారం పెట్టించింది దండయాత్ర చేసిన వీరుడికి కాదు, జమీందారుకూ కాదు. వంటింట్లో చెమటోడ్చిన ఆడమనిషికి. ఆ కాలంలో ఆడవాళ్ల వంటను పని అని లెక్కపెట్టినవాళ్లే లేరు. అందుకే ఆ కథ నిలిచింది.

పేరు అడగని గడప

సీతమ్మ గారి రోజుల చివర్లో, ఆమె తర్వాత మన ఊళ్లలోకి హోటళ్లు వచ్చాయి. రైళ్లు వచ్చాయి. కాకినాడ నుంచి రామచంద్రపురం మీదుగా కోటిపల్లికి 1928లో రైలు వేశారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ పట్టాలు పీకేశారు. మళ్లీ 2004లో గానీ రైలు రాలేదు. రైలుతో పాటు కాఫీ హోటళ్లు పెరిగాయి. డబ్బు పెడితే ఎవరికైనా తిండి దొరికే రోజులొచ్చాయనుకున్నారు. అక్కడా గోడలే. బ్రాహ్మణులకు వేరే గది ఉన్న హోటళ్లుండేవి. దళితులను లోపలికి రానివ్వని హోటళ్లుండేవి. రైల్వే స్టేషన్లలో హిందువులకు వేరే కుండ, ముసల్మాన్లకు వేరే కుండ. దాహానికి కూడా మతం అడిగిన రోజులవి. ఆ కుండల మాట చెప్పే పెద్దలు నిన్నమొన్నటి వరకు మన ఇళ్లలో ఉన్నారు.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్లు, భోజనశాలల పేరు ప్రత్యేకంగా రాసింది. మతం, కులం పేరుతో అక్కడ ఎవరినీ ఆపకూడదంది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. ఒక దేశం తన రాజ్యాంగంలో హోటల్ మాట రాయాల్సి వచ్చిందంటే, తిండి దగ్గర జరిగిన అవమానం ఎంత లోతుగా గుచ్చుకుందో అర్థం చేసుకోవచ్చు.

ఇదంతా జరగడానికి అర్ధ శతాబ్దం ముందే, కోనసీమలో ఆచారాలు పాటించే బ్రాహ్మణ కుటుంబంలో, పెద్ద చదువులు లేని ఒక గృహిణి ఆకలికి మతం అడగలేదు. ఆమె సంఘ సంస్కర్తనని చెప్పుకోలేదు. ఉపన్యాసాలు ఇవ్వలేదు, పుస్తకాలు రాయలేదు. వీరేశలింగం గారి లాంటి మహనీయులు రాజమండ్రిలో కలంతో పోరాడుతున్న రోజుల్లోనే, అదే గోదావరి దిగువన ఆమె చేతిలో గరిటె ఉంది.

పేరు అడగడం ఎప్పుడూ చిన్న విషయం కాదు. అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు, కొత్త ఊళ్లో మెస్సులో చేరినప్పుడు, పేరు చెప్పగానే ఎదుటివాళ్ల మొహం మారడం చాలా కుటుంబాలకు తెలుసు. అన్నం పెట్టే ముందు పేరు అడగని గడప ఎంత అరుదైనదో వాళ్లకు విడిగా చెప్పనక్కర్లేదు.

ఆరిన పొయ్యి

1909 ఏప్రిల్ 28న సీతమ్మ గారు కన్నుమూశారు. అప్పటికి ఆమెకు 67 ఏళ్లు. ఆమెతో పాటే అన్ని వేళలా తెరిచి ఉన్న ఆ భోజనశాల కథ కూడా ముగిసింది. రాజులు కట్టించిన సత్రానికి మాన్యాలుంటాయి, గుమాస్తాలుంటారు. యజమాని పోయినా సత్రం నడుస్తుంది. ఒక మనిషి మనసు మీద నడిచే ఇల్లు ఆ మనిషితోనే ఆగుతుంది. మన ఊళ్లో మూతపడిన చాలా హోటళ్ల కథ కూడా ఇంతే. పెద్దాయన పోయాక అదే పెనం, అదే రుబ్బురోలు ఉన్నా ఆ రుచి రాలేదనే మాట ఊరికే పుట్టలేదు.

అయితే ఆమె పేరు ఆగలేదు. ఆంధ్రుల అన్నపూర్ణ, అపర అన్నపూర్ణ అని జనం పిలుచుకుంటూనే ఉన్నారు. గన్నవరం దగ్గర పాత అక్విడక్టుకు బదులుగా కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఏ నీళ్లు ఆమె గాదె నింపాయో, ఆ నీళ్లు పారే కట్టడానికే ఆమె పేరు రావడం ఎంత సరైన పనో. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. మరుసటి ఏడాది జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలకు కూడా ఆ భోజనం అందుతోంది. ఆ పంక్తిలో ఫాతిమా, మేరీ, లక్ష్మి పక్కపక్కనే కూర్చుని తింటున్నారు. పేరు హాజరు పట్టీలో ఉంటుంది. కంచంలో ఉండదు.

ఆ పిల్లల్లో చాలామందికి సీతమ్మ ఎవరో తెలియకపోవచ్చు. ఇంట్లో పెద్దలు చెప్పాలి. రామచంద్రపురం, మండపేట వైపు చుట్టాలున్న కుటుంబాలు తాపేశ్వరం కాజా కోసం ఆగినట్టే, కోనసీమ వైపు పోయినప్పుడు గన్నవరం అక్విడక్టు దగ్గర కూడా బండి ఆపి పిల్లలకు ఆ పేరు చూపించొచ్చు. ఒకప్పుడు ఇక్కడ హోటళ్లు లేవని, పడవ దొరక్క చీకట్లో మిగిలిపోయిన ఏ బాటసారికైనా తలుపు తెరిచే ఇల్లు ఒకటుండేదని చెప్పొచ్చు.

తర్వాత ఇంటికి చేరాక, వేళ కాని వేళలో ఎవరైనా తలుపు కొట్టినప్పుడు, అదే పిల్లలు చూస్తుండగా దస్తర్‌ఖాన్ పరవాలి. సీతమ్మ కూడా ఆ పని బువ్వన్న ఇంట్లో చూసే నేర్చుకుంది.